సింగపూర్‌లో తెలుగు-చైనీస్ పిల్లలు: పైకి అనని వివక్షను పట్టుకోవడం ఎలా?

మొదటి పని బర్త్ రిజిస్ట్రేషన్ దగ్గరే ఉంది. 2011 నుంచి బిడ్డ జాతిని ఇండియన్-చైనీస్ అనో, చైనీస్-ఇండియన్ అనో రాయించవచ్చు. రేపు హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) ఫ్లాట్ కొనేటప్పుడు, ఒక్కో జాతికి ఇన్ని ఇళ్లేనన్న కోటాకి లెక్కలోకి వచ్చేది ముందున్న మాటే. ఇండియన్లు, ఇతరులు కలిపి పేటలోని ఇళ్లలో 12 శాతం, బ్లాకులో 15 శాతం పరిమితి. ఎవరి వంశం ముందు అన్న పంతాలు పక్కనపెట్టి, ఇది చూసుకుని రాయించండి.

అసలు చిక్కు బడిలో. మాతృభాష సబ్జెక్టుగా హిందీ, తమిళం ఉంటాయి కానీ తెలుగు ఉండదు కాబట్టి, చాలామంది చైనీసే ఎంచుకుంటారు. ఆ క్లాసులో పిల్లని ఎవరూ ఏమీ అనరు. గ్రూపులు కట్టుకోమన్నప్పుడు మాత్రం చివరికి తనే మిగిలిపోతుంది. ఒకసారైతే యాదృచ్ఛికం కావచ్చు. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టి నాలుగు గడులు గీయండి: తేదీ, జరిగింది, అదే సమయంలో పక్క పిల్లలకి జరిగింది, చూసినవాళ్లు. మూడో గడి ఖాళీగా ఉంటే మీ దగ్గర ఉన్నది బాధే, ఆధారం కాదు. పిల్లని రోజూ గుచ్చి గుచ్చి అడగొద్దు. అలా అడిగితే మీకు నచ్చే జవాబులు చెప్పడం మొదలుపెడుతుంది.

అదే తీరు మూడుసార్లు కనిపిస్తే టీచర్‌ని కలవండి. "మా అమ్మాయిపై వివక్ష చూపుతున్నారు" అంటే ఆవిడ తనను తాను సమర్థించుకోవడంలో పడిపోతారు. "గ్రూపులు ఎలా వేస్తున్నారు? వచ్చే వారం పేర్లు మీరే చదువుతారా?" అని అడగండి. మాట్లాడుకున్నది ఆ సాయంత్రమే ఈమెయిల్‌లో రాసి పంపండి. ప్రిన్సిపాల్ దాకా వెళ్లాల్సి వస్తే పనికొచ్చేది అదే.

1964 నాటి జాతి అల్లర్లను గుర్తుచేసే రేషియల్ హార్మనీ డే జూలై 21న. పట్టులంగానా, చైనీస్ గౌను చియాంగ్‌సామా అన్నది ముందురోజే తనని తేల్చుకోనివ్వండి. "ఇంతకీ నువ్వెవరు?" అన్న ప్రశ్న ఆ రోజు తప్పదు. "అమ్మ చైనీస్, నాన్న తెలుగు" అని చెప్పి ఆగిపోవడం ఇంట్లోనే అలవాటు చేయించండి. అంతకుమించి సంజాయిషీ అక్కర్లేదు.

ఇక ఇల్లు. సెలవులకి ఊరెళ్తే నాన్నమ్మ నలుగు పెడుతూ "అమ్మ రంగు రాలేదే, పాపం" అంటుంది. బడిలో ఎవరూ అననిది ఇక్కడ ముద్దు చేస్తూనే అనేస్తారు, పిల్ల మనసులో నాటుకుపోయేదీ అదే. కోడలు అడ్డుపడితే అది అత్తాకోడళ్ల గొడవైపోతుంది. కొడుకే, అక్కడికక్కడే, పిల్లకి వినపడేలా "అమ్మా, దాని దగ్గర రంగు మాట ఎత్తకు" అనాలి. చైనీస్ న్యూ ఇయర్‌కి అటువైపు వాళ్లు ఎండలో తిరగొద్దంటే, ఆ వంతు తల్లిది.