కంకర తోడేసిన వాగొడ్డు భూమిలో ఏ మట్టి ఎక్కడుందో చూసుకోవడం ఎలా?

మా మానేరు నది వైపు నర్సరీకి మొక్కల కోసం వచ్చేవాళ్ళు "అన్నా, ఏ మొక్క పెట్టమంటవ్?" అని అడుగుతారు. ఎక్కడ పెడతారో చెప్పమంటాను నేను. ఇసుక, కంకర తోడేసి వదిలేసిన వాగొడ్డు భూమి అయితే ఆ ప్రశ్న తప్పదు, అక్కడ ఎకరమంతా ఒకే నేల కాదు. నాలుగు మూలల మట్టి కలిపి ఒకే శాంపిల్‌గా పంపితే, ఆ రిపోర్టు ఏ మూలకూ పనికిరాదు.

ముందు ఊరికే తిరిగి చూడండి, తొలకరి పడ్డాక అయితే మరీ మంచిది. కంకర తవ్విన గుంత అంచున గడ్డి ఒత్తుగా మొలిచిన కట్టలు కనిపిస్తాయి. తవ్వకం మొదలుపెట్టినప్పుడు చెక్కి పక్కన పోసిన పైమట్టి అది. ఆ భూమిలో అంతకన్నా విలువైనది లేదు. జేసీబీ పెట్టి దాన్ని గుంతలోకి తోసి చదును చేసేస్తారు కొందరు, నాకు ప్రాణం పోయినట్టు ఉంటుంది. మొక్కల గుంతలకు, మడులకు దాచుకోండి.

గుంత అడుగున గులకరాళ్ళు, గరుసు ఇసుక. టిప్పర్లు తిరిగిన దారిలో గడ్డపార కూడా దిగదు. ఇక అన్నిటికన్నా లోతైన మూల. కంకర కడిగిన నీళ్ళు అక్కడ నిలిచి ఉంటే సన్నటి బురద పేరుకుంటుంది, ఎండితే పెంకుల్లా పగులుతుంది. నల్లగా ఉంటే రేగడి అనుకుని మురిసిపోకండి, చేత్తో చూడాలి. వాగు వైపేమో ప్రతి వరదకూ లెక్క మారుతుంది, ఒక ఏడు ఒండ్రు, ఇంకో ఏడు ఇసుక మేట. 2023 జూలైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచింది గుర్తుందిగా, అలాంటి వరద తర్వాత పాత పరీక్షలు పక్కన పెట్టాల్సిందే.

ఇలా వేరుగా కనిపించిన ప్రతి చోటా రెండడుగుల లోతు గుంత తవ్వి, గోడను చూడండి. బూడిద రంగు మట్టిలో తుప్పు మచ్చలుంటే వానాకాలంలో అంతవరకు నీళ్ళు నిలుస్తాయని అర్థం. మచ్చలు అడుగు లోతు లోపే మొదలైతే మామిడి మాట మర్చిపోండి.

రాళ్ళు ఏరేసి, పిడికెడు మట్టి తడిపి బొటనవేలు, చూపుడువేలు మధ్య రిబ్బన్‌లా నొక్కండి. ముద్దే కాకపోతే ఇసుక. అంగుళం లోపే తెగితే ఇసుక పాలో, ఒండ్రు పాలో ఎక్కువ. వేళ్ళకు గరుకు తగిలితే ఇసుక, పిండిలా జారితే ఒండ్రు. రెండంగుళాలు దాటి సాగితే బంక. అనుమానం తీరకపోతే సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు సర్ఫు వేసి గట్టిగా ఊపి కదపకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో కూర్చుంటుంది, ఒండ్రుకు గంటలు పడుతుంది, బంకకు రోజు దాటొచ్చు.

నీళ్ళ పరీక్ష మానకండి. అడుగు లోతు గుంత నింపి ఇంకనివ్వండి, మళ్ళీ నింపి గంట ఆగండి. అంగుళం కూడా దిగకపోతే నీళ్ళు నిలిచి జాలు పట్టే చోటు, అక్కడ ఏరుమద్ది, నల్లతుమ్మ తట్టుకుంటాయి. చూస్తుండగానే ఖాళీ అయితే సీతాఫలం, వేప పెట్టొచ్చు, కానీ మొదటి రెండు ఎండాకాలాలు తడి పెట్టాలి, గుంతకు తట్టెడు చెరువు మట్టి, పశువుల ఎరువు కలపాలి. ఒండ్రు దొరికిన చోట చెట్లెందుకు, కూరగాయలు వేసుకోండి. తొక్కుడు దారిని మాత్రం ముందు లోతుగా దున్ని, జీలుగ చల్లి, పూతకొచ్చే ముందు కలియదున్నాలి.

ల్యాబుకు ఒక్కో రకం మట్టి విడిగా, జానెడు లోతు వరకు తీసి నీడన ఆరబెట్టి, అర కిలో చొప్పున ఇవ్వండి. సంచి మీద ఏ మూలదో రాయండి. మాకు జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రం దగ్గర, వరంగల్ వాళ్ళకు మామునూరుది. రాళ్ళు ఎక్కువుంటే ఎంత పాలో కూడా చెప్పండి, జల్లించాక వాళ్ళు చూసేది సన్న మట్టినే.