పైపులోంచి కరెంటు ఎక్కడ దిగుతోందో ముందు పట్టుకోండి

భూమిలో వేసిన స్టీలు పైపుకి నాలుగేళ్లకే బొక్క పడితే అందరూ మట్టిని తిడతారు. దగ్గర్లో డీసీ రైలు లైనో, ఇంకొకరి పైప్‌లైన్ సీపీ రెక్టిఫైయరో (తుప్పు పట్టకుండా పైపుకి డీసీ కరెంటు అందించే పెట్టె, సీపీ అంటే కాథోడిక్ ప్రొటెక్షన్) ఉంటే మాత్రం ముందు దాన్నే అనుమానించండి. బెంగళూరు మెట్రోలో మూడో పట్టా మీద నడిచేది 750 వోల్టుల డీసీ. రైలు వాడుకున్న కరెంటు పట్టాల మీదుగా సబ్‌స్టేషన్‌కి తిరిగెళ్లాలి కానీ, కొంత మట్టిలోకి జారి, దారిలో పైపు దొరికితే దాన్నెక్కి సబ్‌స్టేషన్ దగ్గర దిగిపోతుంది. ఎక్కినచోట కాదు, దిగినచోట ఇనుము కరుగుతుంది. ఒక్క ఆంపియర్ ఏడాదిపాటు దిగితే సుమారు 9 కిలోలు! (హైదరాబాద్ మెట్రోది 25 కిలోవోల్టుల ఏసీ, దాని కథ వేరు.)

కొలవడం ఇలా. టెస్ట్ పాయింట్ (పైపుకి కలిపిన వైరు పైకి తెచ్చి పెట్టిన చోటు) దగ్గర మట్టి పొడిగా ఉంటే కాసిని నీళ్లు పోసి, కాపర్ సల్ఫేట్ హాఫ్ సెల్ (పోలిక కోసం వాడే, రాగి కడ్డీ ఉన్న గొట్టం) మూత తీసి పైపుకి సరిగ్గా పైన నిలబెట్టి, దానికీ పైపు వైరుకీ మధ్య వోల్ట్‌మీటర్ పెట్టండి. గొట్టం లోపల నీలం ద్రావణంలో కరగని పలుకులు కనిపించకపోతే ఆ రీడింగ్ నమ్మొద్దు. మామూలుగా మైనస్ 850 మిల్లీవోల్టులో, ఇంకా నెగటివ్‌గానో రావాలి. ఒక్క రీడింగ్ రాసుకుని వెళ్లిపోకుండా 24 గంటలు డేటా లాగర్ (రీడింగులు తనంతట తానే రాసుకునే పరికరం) పెట్టండి. పగలంతా ఊగిన అంకె అర్ధరాత్రి రైళ్లు ఆగాక కుదురుకుంటే దొంగ దొరికినట్టే. అనుమానం పక్కవాళ్ల రెక్టిఫైయర్ మీదైతే, వాళ్లనడిగి దాన్ని 12 సెకన్లు ఆన్, 3 సెకన్లు ఆఫ్ చేయించండి. ఆన్ అయినప్పుడల్లా మీ రీడింగ్ పాజిటివ్ వైపు జరిగేచోట కరెంటు దిగుతోంది.

ఇక్కడే చాలామంది చేసే తప్పు, దిగేచోట తవ్వి కొత్త కోటింగ్ కొట్టి పూడ్చేయడం. కోటింగ్‌లో సూదిమొనంత లోపం మిగిలినా మొత్తం కరెంటు అందులోంచే దూరి, ఇదివరకు మెల్లగా తినేది ఇప్పుడు గబగబా తూటు పెడుతుంది. కోటింగ్ వేయాల్సింది కరెంటు ఎక్కేచోట.

వీలైతే మూలం దగ్గరే ఆపించండి: పట్టాల కింద ఇన్సులేషన్ బాగుచేయించడం, రెక్టిఫైయర్ అవుట్‌పుట్ తగ్గించడం, ఆనోడ్ బెడ్ (రెక్టిఫైయర్ కరెంటుని మట్టిలోకి వదిలే కడ్డీలు) దూరం జరపడం. పైపులు దాటుకునే చిన్న క్రాసింగ్ అయితే దిగేచోట మెగ్నీషియం ఆనోడ్లు (పైపుకి బదులు తామే కరిగిపోయే దిమ్మలు) పైపుకి కలిపితే తరచూ సరిపోతుంది. రైలు కరెంటుకైతే, రైల్వేవాళ్ల ఒప్పుకోలుతో, పైపు నుంచి సబ్‌స్టేషన్ నెగటివ్‌కి కేబుల్ వేయాలి, మధ్యలో డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) లేకపోతే కరెంటు వెనక్కి తిరిగి పైపులోకే వచ్చేస్తుంది.

ఆ డయోడ్ పిడుగులకి పోతుంటుంది. నెలకోసారి రైళ్లు నడిచే వేళ ఆ కేబుల్‌కి డీసీ క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) పెట్టి చూడండి, సున్నా చూపిస్తే డయోడ్ పెట్టె తెరవాల్సిందే.