పాత యాంప్లిఫయర్ రిపేరు: లక్షణాన్ని బట్టి లోపం పట్టడం

ఫ్యూజు పోయింది కదా అని కొత్తది వేసి ఆన్ చేస్తే అదీ పోతుంది. ఒక్కోసారి దాంతోపాటు అప్పటిదాకా బాగున్న డ్రైవర్ ట్రాన్సిస్టర్లు (అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను నడిపేవి) కూడా పోతాయి. అందుకే పాత పవర్ యాంప్లిఫయర్‌ విప్పేముందు సిరీస్ బల్బు సిద్ధం చేసుకోవాలి. 100 వాట్ల ఫిలమెంట్ బల్బును మెయిన్స్ ఫేజు వైరుకు సిరీస్‌లో కలిపితే చాలు. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. స్పీకర్లు ఊడదీసి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి గట్టిగా వెలిగి మసకబారితే పెద్ద షార్ట్ ఏమీ లేనట్టే. వెలుగు తగ్గకుండా అలాగే ఉంటే లోపల షార్ట్ ఉంది. ఎక్కువ కరెంటు పోకుండా బల్బు అడ్డుపడుతుంది కాబట్టి తీరిగ్గా వెతకవచ్చు.

ప్లగ్గు పీకినా ఫిల్టర్ కండెన్సర్లలో ఛార్జి మిగిలే ఉంటుంది. 470 ఓంల 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ఒక్కో కండెన్సర్ కాళ్లకు అర నిమిషం పట్టించి, మీటరు ఒక వోల్టు లోపు చూపించాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి షార్ట్ చేయకండి. కాళ్లు కాలతాయి, కండెన్సరూ దెబ్బతింటుంది.

ఫ్యూజు నిలవడం లేదు, బల్బు నిండుగా వెలుగుతోంది

ముందు ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైర్లు బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే డయోడ్ల జట్టు) నుంచి విప్పండి. అప్పుడు బల్బు ఆరితే ట్రాన్స్‌ఫార్మర్ మంచిదే. తర్వాత బ్రిడ్జి కలిపి, ఒక్కో ఛానెల్ బోర్డుకు సప్లై ఇస్తూ పోతే ఎక్కడ బల్బు వెలుగుతుందో లోపం అక్కడుంది. ఎక్కువసార్లు దొరికేది షార్టయిన అవుట్‌పుట్ ట్రాన్సిస్టరే.

దాన్ని బోర్డు నుంచి విప్పి, మీటరు డయోడ్ రేంజిలో చూడండి. బోర్డు మీద ఉండగా చూస్తే చుట్టుపక్కల పార్టుల వల్ల రీడింగు తప్పుదారి పట్టిస్తుంది. బేస్ నుంచి ఎమిటర్‌కూ, బేస్ నుంచి కలెక్టర్‌కూ ఒకవైపు 0.5–0.7 వోల్టులు రావాలి, తిప్పి పెడితే ఏమీ రాకూడదు. కలెక్టర్–ఎమిటర్ మధ్య ఎటు పెట్టినా ఏమీ రాకూడదు. సున్నా చూపిస్తే అది పోయినట్టే. 2ఎన్3055, ఎంజె2955 లాంటి ఇనుప టోపీ ట్రాన్సిస్టర్లలో టోపీయే కలెక్టర్. కింద కరెంటు పోకుండా ఆపే మైకా పొర చిట్లినా, హీట్‌సింక్ రంధ్రం అంచున మొన తేలి మైకాను గుచ్చినా, ట్రాన్సిస్టర్ బాగుండి కూడా షార్ట్ కనబడుతుంది.

ట్రాన్సిస్టర్ మార్చేసి ఇక్కడితో ఆగకూడదు. అది ఎందుకు పోయిందో తేలాలి. తెల్ల సిమెంటు ఎమిటర్ రెసిస్టర్లు (0.22 లేదా 0.33 ఓం) ఓపెన్ అయ్యాయా, డ్రైవర్లు బాగున్నాయా, హీట్‌సింక్‌కు బిగించిన బయాస్ ట్రాన్సిస్టర్ కాలు విరిగిందా చూడండి (బయాస్ అంటే సిగ్నల్ లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు సెట్టింగు). అన్నిటికంటే ముఖ్యం బయాస్ ప్రీసెట్, అంటే ఆ కరెంటును సరిచేసే చిన్న వేరియబుల్ రెసిస్టర్. పాత కార్బన్ ప్రీసెట్‌లో దుమ్ము చేరి మధ్య ముల్లు పట్టు వదిలితే, చాలా సర్క్యూట్లలో బయాస్ ఒక్కసారిగా పెరుగుతుంది. ట్రాన్సిస్టర్ వేడెక్కుతుంది, వేడికి ఇంకా కరెంటు లాగుతుంది, చివరికి షార్టవుతుంది. ఆ ప్రీసెట్ అలాగే ఉంచితే కొత్త జత కూడా నిలవదు.

ఆ ఛానెల్‌లో ఎన్‌పీఎన్, పీఎన్‌పీ రెండూ కలిపి మార్చండి. మైకాకు రెండు వైపులా హీట్‌సింక్ పేస్ట్ పల్చగా రాస్తే చాలు, ముద్దగా పెడితే వేడి సరిగా దిగదు. బిగించాక, సోల్డర్ చేయకముందే కలెక్టర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య బీప్ రాకూడదు. ప్రీసెట్‌ను బయాస్ తక్కువవైపు చివరికి తిప్పి, బల్బు సిరీస్‌లోనే ఉంచి ఆన్ చేయండి.

రిలే టక్కుమనడం లేదు

ఆన్ చేసిన కొన్ని సెకన్లకు స్పీకర్ రిలే (స్పీకర్‌ను కలిపే, విడదీసే స్విచ్చు) పట్టుకోకపోతే ప్రొటెక్షన్ సర్క్యూట్ తన పని తాను చేస్తోందేమో చూడాలి. దాన్ని తప్పించి స్పీకర్ కలపకండి, స్పీకర్ కాయిల్ కాలిపోతుంది. రిలేకు ముందున్న అవుట్‌పుట్ పాయింటు దగ్గర డీసీ కొలవండి (రిలే తర్వాత కొలిస్తే సున్నాయే వస్తుంది). 50 మిల్లీవోల్టుల లోపుంటే పర్లేదు. సప్లై వోల్టేజీకి దగ్గరగా ఉంటే ప్లస్, మైనస్ సప్లైలు రెండూ వస్తున్నాయా, అవుట్‌పుట్ షార్టయిందా చూడండి. అవి బాగుంటే ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ జత, ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని ఇన్‌పుట్‌కు తిప్పిపంపే దారి) ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ అనుమానించదగ్గవి. అవుట్‌పుట్ దారిలోనే పెద్ద కండెన్సర్ ఉండే సింగిల్ సప్లై సెట్లలో మాత్రం అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు రెండూ కలిసే మధ్య పాయింటు దగ్గర సప్లైలో సగం ఉండాలి.

ఫీడ్‌బ్యాక్ వల్ల ఒకచోట తేడా వస్తే బోర్డంతా వోల్టేజీలు చెదిరిపోతాయి. కాబట్టి పవర్ తీసి, కండెన్సర్లు ఖాళీ చేసి, బాగున్న ఛానెల్‌తో పోలుస్తూ ఒక్కో పార్టు దగ్గర ఓంలు, డయోడ్ రీడింగు చూడండి. సర్క్యూట్ బొమ్మ దొరకని సెట్‌కు ఆ రెండో ఛానెలే బొమ్మ.

ఒక ఛానెల్ వస్తూ పోతూ ఉంది

సన్నగా పెడితే శబ్దం రాదు, ఒక్కసారి గట్టిగా పెంచితే వస్తుంది, తగ్గిస్తే కాసేపు నిలుస్తుంది. ఇది రిలే కాంటాక్టులు నల్లబడ్డ లక్షణం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన కాగితం ముక్కను కాంటాక్టుల మధ్య లాగితే కొంతకాలం పనిచేస్తుంది. గరుకు కాగితం వాడితే పూత పోతుంది. రిలే మార్చడమే మేలు.

నాబ్ తిప్పినప్పుడు కరకరలాడితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి 20–30 సార్లు తిప్పండి. బోర్డును ప్లాస్టిక్ పుల్లతో తట్టినప్పుడు శబ్దం మారితే డ్రై సోల్డర్, అంటే పట్టు వదిలిన అతుకు. వేడెక్కే రెసిస్టర్ల కాళ్ల చుట్టూ సన్నటి వలయంలా పగులు కనిపిస్తుంది. పాత సోల్డర్ పీల్చేసి కొత్తది వేయండి.

గుయ్యిమని హమ్

వాల్యూం సున్నాలో ఉన్నా మారకుండా వస్తే సప్లై వైపు చూడండి, వాల్యూంతో పెరిగితే ఇన్‌పుట్ వైర్లు, ఎర్త్ చూడండి. ఫిల్టర్ కండెన్సర్ మీద మీటరు ఏసీ రేంజిలో శబ్దం లేనప్పుడే వోల్టు దాటితే అది ఎండిపోయినట్టే (డీసీ కూడా కలిపి చూపించే మీటర్లతో జాగ్రత్త). అంతే మైక్రోఫారడ్, అంతకు తగ్గని వోల్టేజీ, 105 డిగ్రీల రకం వేయండి. పోలారిటీ తారుమారైతే పేలుతుంది. కండెన్సర్ల అడుగున గోధుమరంగు తిరిగిన పాత జిగురుంటే గీకేయండి. అది కాలక్రమేణా కరెంటును పోనిచ్చి, పక్క కాళ్లను తినేస్తుంది.

తక్కువ శబ్దంలో గరగర, పెంచితే సరి

బయాస్ చాలడం లేదు. సిరీస్ బల్బు తీసి, స్పీకర్, సిగ్నల్ లేకుండా, ఎమిటర్ రెసిస్టర్ రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు కొలవండి. 0.33 ఓం మీద 10 మిల్లీవోల్టులంటే సుమారు 30 మిల్లీయాంపులు. సర్వీస్ మాన్యువల్ ఉంటే అందులోని అంకెకే పెట్టాలి. ప్రీసెట్ కొంచెం కొంచెంగా తిప్పి, 15 నిమిషాలు వేడెక్కనిచ్చి మళ్లీ సరిచేయండి. రీడింగు ఆగకుండా పెరుగుతూనే ఉంటే వెంటనే ఆపేయండి: బయాస్ ట్రాన్సిస్టర్ హీట్‌సింక్‌కు సరిగా ఆనుకోలేదు.