కుంట నీళ్లు భూమిలోకి ఇంకాలంటే ఏం చేయాలి

మాది నల్గొండ జిల్లాలో దేవరకొండ వైపు. కుంట కట్ట కింద బత్తాయి తోట. మా దగ్గర పైన చెల్క, దాని కింద మొరం, ఆ కింద గ్రానైట్ రాయి. నీళ్లు నిలిచేది మొరంలో, రాతి పగుళ్లలో మాత్రమే. పగులు తగలకపోతే వెయ్యి అడుగులు దించినా దుమ్ము తప్ప ఏమీ రాదు. అందుకే కొత్త బోరుకు పెట్టే డబ్బులో కొంత కుంట మీద పెట్టమని కనిపించిన ప్రతి రైతుకూ చెబుతుంటాను.

ముందు మీ కుంట నీళ్లు అసలు ఇంకుతున్నాయో లేదో చూసుకోండి. వరద ఆగి, కుంట నిండి పొర్లే అలుగు ఆగి, తూము మూసి ఉన్నప్పుడు, వానలేని నాలుగైదు రోజులు దీనికి కావాలి. మోకాలి లోతు నీళ్లలో ఒక గుంజ పాతి, దానికి స్కేలు కట్టండి. పక్కనే పెద్ద బకెట్ పెట్టి, అది కదలకుండా అడుగున రాయి వేయండి. బకెట్ అంచు నీళ్లపైకి ఉండాలి, లోపలి నీళ్లు బయటి నీళ్లతో సమానంగా ఉండాలి. పశువులు మూతి పెట్టకుండా చుట్టూ ముళ్లకంప వేయండి. రోజూ ఒకే వేళకు రెండు మట్టాలూ రాసుకోండి. బకెట్‌లో తగ్గింది ఎండకు పోయిన నీళ్లు. కుంటలో అంతకన్నా ఎక్కువ తగ్గితే, ఆ తేడా అంతా భూమిలోకి పోయినట్టే. తేడా రోజుకు 10 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. అంటే నీళ్లున్న ఒక్కో ఎకరం నుంచి దాదాపు 40 వేల లీటర్లు. పదెకరాల కుంటకు రోజుకు 4 లక్షల లీటర్లు! ఈ లెక్క ఒక్కసారి చేసి చూస్తే, కుంటను ఇక ఉత్త గుంతగా చూడలేరు.

తేడా దాదాపు లేకపోతే అడుగున ఒండ్రు పేరుకుని నీళ్లు దిగకుండా మూసేసిందని అర్థం. అప్పుడు పూడిక తీయాలి. నీటిపారుదల శాఖ అనుమతి తీసుకుని, ఎండాకాలంలో కుంట ఎండినప్పుడు మొదలుపెట్టి మృగశిర కార్తెలోపు ముగించండి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక మట్టి తోలుకున్నవాళ్లకు తెలుసు, చెల్కలో అది ఎంత తేమ పట్టి ఉంచుతుందో. కుంట నడుమ నల్లమట్టి తీసి, మొరం కనబడగానే ఆపండి. కట్ట దగ్గర మాత్రం తవ్వొద్దు. అక్కడి బంకమట్టే కట్ట కింద నుంచి నీళ్లు పోకుండా ఆపుతుంది.

జేసీబీ వచ్చిందంటే కుంటంతా గిన్నెలా ఒకే లోతు తోడేస్తారు. దయచేసి అలా చేయనివ్వకండి. వరద వచ్చే పైభాగం ఏటవాలుగా, చీలమండ లోతు నీళ్లు నిలిచేలా ఉండాలి. కొంగలు, ఉల్లంకి పిట్టలు మేసేది అక్కడే. మా కుంటలో నామాల కోళ్లు, బుడుబుంగలు ఆ పక్క జమ్ములోనే తిరుగుతాయి. తుంగ, జమ్ము వరదలో కొట్టుకొచ్చే మట్టినీ ఆపుతాయి కాబట్టి కాలువ మూతి దగ్గర వాటిని ఉండనివ్వండి. వానాకాలంలో పిట్టలు గూళ్లు కడతాయి, అప్పుడు జమ్ము కోయొద్దు. గుర్రపుడెక్కను మాత్రం ఒక్క మొక్క కూడా మిగలకుండా లాగేయాలి. కట్ట మీద సర్కారు తుమ్మ మొలిస్తే చిన్నగా ఉన్నప్పుడే పీకేయండి. పెరిగాక వేళ్లు కట్టను గుల్ల చేస్తాయి.

వరద కాలువకు అడ్డంగా, మోకాలెత్తున వదులుగా రాళ్లు పేర్చితే ఇసుక, మట్టి అక్కడే దిగిపోతాయి. ఏటా రోహిణి కార్తెలో ఆ మట్టి ఎత్తేస్తే చాలు.

అలుగు జోలికి పోవద్దు. ఎక్కువ నీళ్లు ఆపుదామని ఇసుక బస్తాలు పెడితే పైనున్న పొలాలు మునుగుతాయి, కింది కుంటకు నీళ్లు పోవు. మనవి గొలుసుకట్టు చెరువులు. చేపలు పోతాయని అలుగుకు సన్నవల కట్టినా చెత్త అడ్డుపడి కట్టకే ప్రమాదం.

కష్టమైన పని తూము మూయడం. కాలువ కింద యాసంగి వరి వేసేవాళ్లకు కోపం వస్తుంది, అది న్యాయమే. కానీ తూము మూసి ఉంచితే అవే నీళ్లు నెమ్మదిగా దిగి చుట్టూ బావులకు అందుతాయి. దీన్ని ఒక్కరు తేల్చలేరు. ఆయకట్టు రైతులు, చేపల సొసైటీ వాళ్లు కూర్చుని మాట్లాడుకోవాలి. ఏం తేల్చుకున్నా, చేపలు పట్టడానికి ఆఖరి చుక్కదాకా తోడెయ్యకూడదని మాత్రం గట్టిగా అడగండి. ఏప్రిల్, మే నెలల్లో నెమళ్లకు, కుందేళ్లకు, మన గొర్లకు ఆ అడుగు నీళ్లే దిక్కు.

కుంట నీళ్లను పైపుతో నేరుగా బోరులోకి వదలొద్దు. పురుగుమందులు, పశువుల పేడ అన్నీ లోపలికి పోతాయి. మట్టిలోంచి వడిసి దిగాలి. ఇక ఫ్లోరైడ్ సంగతి. నీళ్లు ఇంకితే తక్కువ లోతు బావుల్లో దాని గాఢత తగ్గే వీలుంది. కానీ పరీక్ష చేయించకుండా తాగొద్దు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు.

చివరగా బావుల లెక్క. తెల్లవారి, మోటార్లు వేయకముందే పాతబావిలో తాడుకు బరువు కట్టి దించి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలవండి. కరెంటు రాగానే మోటారు వేసే ఆటో స్టార్టర్లు ఉంటే ముందురోజే ఆపించాలి, లేకపోతే మట్టం తప్పు చూపిస్తుంది. 2000 తర్వాతి దశాబ్దంలో రైతులే భూగర్భజలాలను చూసుకోవాలని పెట్టిన ఏపీఫామ్స్ (APFAMGS) ప్రాజెక్టు కింద, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నల్గొండ, మహబూబ్‌నగర్ సహా ఏడు జిల్లాల్లో రైతులే ఇలా కొలిచి, ఊళ్లో అందరికీ కనబడేలా రాసి, దాన్నిబట్టి పంటల గురించి మాట్లాడుకున్నారు. మీరూ దసరా నాటికి మట్టం పంచాయతీ గోడ మీద రాయించండి. యాసంగి నార్లు పోయకముందే, ఎన్ని ఎకరాల వరికి నీళ్లు సరిపోతాయో, బత్తాయి తోటలకు ఎంత మిగలాలో ఆ గోడ ముందే తేల్చుకోండి.