జపాన్ ప్రభు వంశాల వంశవృక్షం గీయడం ఎలా?

కావలసినవి పెద్ద తెల్లకాగితం, పెన్సిల్, రబ్బరు, ఎర్ర పెన్ను, జపనీస్ అక్షరాల నిఘంటువు. కాగితం మీదే గీయాలి. ఒక మనిషికి ఇద్దరు తండ్రులు, నాలుగు పేర్లు తగిలినప్పుడు కంప్యూటర్ గడులు అడ్డం పడతాయి.

ఒక ఇంటిని ఎంచుకుని కొత్త తరం నుంచి పాతదానికి వెళ్లండి. మూలపురుషుడి నుంచి కిందికి దిగేవాళ్లు ప్రతిసారీ దారి తప్పుతారు. 1884లో ప్రభు కుటుంబాలకు ఐదు అంతస్తుల బిరుదులు ఇచ్చారు, 1947లో రద్దు చేశారు. ఆ కాలంలో ఇంటి పెద్ద ఎవరో తేల్చుకుంటే మొదలు దొరికినట్టే.

తర్వాత ఉజిని, మ్యోజిని వేరు చేయండి. ఉజి అంటే వంశం. ఫుజివారా, మినమోతో, తైరా, తచిబానా వాటిలో పెద్దవి. మ్యోజి ఇంటిపేరు. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ల నుంచి వచ్చినట్టే అషికగా, నిత్తా కూడా ఊరిపేర్లే, రెండూ మినమోతో శాఖలే. అలాగని ఉజిని గోత్రం అనుకోకండి. ఫుజివారా వాళ్లు ఫుజివారా వాళ్లనే పెళ్లాడేవారు.

పుస్తకాలు మూడు చాలు. 815 నాటి 'షిన్‌సెన్ షోజిరోకు'లో 1182 వంశాలున్నాయి. ఆస్థాన కుటుంబాలకు 14వ శతాబ్దపు 'సొన్‌పి బున్‌మ్యకు', సమురాయ్ ఇళ్లకు 1812లో పూర్తయిన 'కన్‌సెయ్ చోషూ షొకఫు' చూడండి.

ఇక దత్తత. అందరూ పాడు చేసేది ఇక్కడే. జపాన్‌లో నిలవాల్సింది రక్తం కాదు, ఇల్లు. వారసుడు లేకపోతే అల్లుడినో, మేనల్లుడినో, వేరే వంశపు పిల్లవాడినో తెచ్చుకునేవారు. అతను ఆ ఇంటి తరాల వరుసలో కొడుకుగానే నిలబడతాడు. ఒకటే గీత గీస్తూ పోతే మీకు తెలియకుండానే వంశం మారిపోతుంది.

ఉయెసుగి ఇంటిని చూడండి. వాళ్లది ఫుజివారా వంశం. కానీ ఆ ఇంట్లో పేరుమోసిన యోధుడు కెన్‌షిన్ 1530లో నగావో ఇంట్లో పుట్టాడు, అది తైరా శాఖ. 1561లో ఉయెసుగి నోరిమస అతన్ని దత్తత తీసుకున్నాడు. కెన్‌షిన్‌కు పిల్లలు లేరు. అతని తర్వాత ఇంటిని ఏలిన కగెకత్సు అతని అక్క కొడుకు. కగెకత్సు మనవడు త్సునకత్సు 1664లో వారసుణ్ని నిర్ణయించకుండానే చనిపోయాడు. అప్పుడు అతని చెల్లెలి కొడుకు త్సుననోరిని తెచ్చారు. ఆ పిల్లవాడి తండ్రి, తర్వాత 47 మంది రోనిన్లు, అంటే యజమాని లేని సమురాయ్‌లు, చంపిన కిరా యోషినక, మినమోతో వంశీకుడు. ఆలస్యంగా దత్తత చేసుకున్నందుకు ఆ ఇంటి ఆదాయం 3 లక్షల కొకుల (కొకు అంటే బియ్యం కొలత) నుంచి లక్షన్నరకు పడిపోయింది. 1760లో దత్తు వచ్చిన హరునోరి అకిజుకి ఇంటి బిడ్డ. అతన్నే యోజాన్ అంటారు. ఇంటిపేరు మాత్రం మొదటి నుంచి చివరి వరకు ఉయెసుగి.

అందుకే రెండు వరుసలు గీయండి. ఇంటి వరుస పెన్సిల్‌తో, కన్నతండ్రి వరుస ఎర్ర పెన్నుతో. దత్తత దగ్గర జంట గీత, పక్కన ఏ ఇంటి నుంచి, ఏ సంవత్సరంలో వచ్చాడో. ఇది రాయకుండా తర్వాతి తరానికి కదలకండి. ఎర్రగీత అనవసరం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. రాజకీయమంతా అందులోనే కనిపిస్తుంది.

పేర్లతోనూ జాగ్రత్త. కెన్‌షిన్ మొదట కగెతోరా, తర్వాత మసతోరా, ఆపై తెరుతోరా. 'మస' నోరిమస ఇచ్చిన అక్షరం, 'తెరు' షోగన్ (సైనిక పాలకుడు) యోషితెరు ఇచ్చినది. హోజో ఇంటి నుంచి తెచ్చుకున్న దత్తుకు తన పాత పేరు కగెతోరా పెట్టాడు. సంవత్సరం రాసుకోకపోతే ఇద్దరు కగెతోరాలు ఒక్కడైపోతారు. ఇంటి చిహ్నం ఒకటే అని చుట్టరికం కలపకండి. దాన్ని బహుమతిగా కూడా ఇచ్చేవారు.

చివరిగా పై తరాలు. యుద్ధాల కాలంలో పెరిగిన ఇళ్లు పాత వంశాలకు ముడి వేసుకున్నాయి. జపాన్‌ను ఏకం చేసిన హిదెయోషి 1585లో కొనోయె ఇంటికి దత్తు వెళ్లి ఫుజివారా అయ్యాడు, తర్వాత తొయొతొమి అనే కొత్త వంశమే పెట్టుకున్నాడు. తర్వాత షోగన్ అయిన ఇయెయసు 1566లో మత్సుదైరా పేరు వదిలి తొకుగవా అయ్యాడు, నిత్తా శాఖ మినమోతోనని చెప్పుకున్నాడు. ఆ ఇంటివాళ్లు కాకుండా వేరెవరైనా, ఆ కాలంలోనే రాసిన ఆధారం దొరికేవరకు అలాంటి చోట నిండు గీత వద్దు. నా కాగితం మీద తొకుగవా నుంచి నిత్తా వరకు ఉన్నది చుక్కల గీతే.