కప్పు మార్చాలా, మరమ్మతు చాలా?

మా అమలాపురం వైపు తొలి జల్లుకి వంటింట్లో నాలుగు చుక్కలు పడ్డాకే అందరికీ మేస్త్రి గుర్తొస్తాడు. అప్పటికి ఆయన ఫోన్ ఎత్తడు. మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఒక పూట కేటాయించి కప్పు చూసుకుంటే మృగశిర వానలకీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వెంటబడే వాయుగుండాలకీ అంత టెన్షన్ ఉండదు.

కారినంత మాత్రాన కప్పు మార్చక్కర్లేదు. కొబ్బరి మట్ట పడి పెంకు పగిలితే ఆ పెంకు మార్చుకుంటే సరి. కప్పును మోసే కర్ర, ఇనుము పాడైతేనే పెద్ద ఖర్చు తప్పదు.

మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు ఏటా ఒకే మూల కారేది. నాలుగేళ్లు వరసగా పెంకులు సర్దించాం. ఐదో ఏడు వచ్చిన ముసలి మేస్త్రి పెంకుల జోలికే పోలేదు. నిచ్చెనెక్కి, దూలం గోడలోకి దిగేచోట స్క్రూడ్రైవరు పెట్టి నొక్కాడు. పిడి దాకా దిగిపోయింది. లాగితే తడిసిన రంపపు పొట్టులాంటిది ఊడిపడింది. "ఇది పెంకు జబ్బు కాదండి బాబూ, దూలం జబ్బు" అన్నాడు. కింద నుంచి చూస్తే రంగు వేసిన దూలం నిక్షేపంలా ఉంది. గోడ పీల్చిన తేమ కొసలో చేరి, చెద అక్కడే మొదలైంది.

కాబట్టి పెంకుటింట్లో ముందు కొసలు పొడిచి చూడండి: గోడలో దూలాలు, చూరు దగ్గర వాసాలు. తర్వాత వీధిలో నిలబడి కొప్పు, అంటే కప్పు రెండు వాలులూ కలిసే పై వరస, చూడండి. మధ్యలో కుంగి ఉంటే కింద కర్ర లొంగిపోయినట్టే. పట్టపగలు తలుపులు మూసి, లైట్లు ఆపి పైకి చూస్తే ఎండ చుక్కలు కనిపిస్తాయి. అక్కడక్కడా అయితే సర్దుబాటు చాలు. కప్పంతా చుక్కలే అయితే రీపర్లు (పెంకుల్ని మోసే సన్న కర్రలు) వంగి పెంకులు జారుతున్నాయేమో చూడాలి. పెంకును వేలితో కొడితే ఖంగుమనాలి. గోటికి పొడి రాలితే దాని పని అయిపోయింది.

తాటాకు ఇల్లున్నవాళ్లకి ఈ చిక్కు లేదు, నేయించుకునే ఏడు వాళ్లకి తెలుసు.

రేకులకి బోల్టుల చుట్టూ చూడండి. ఉప్పు గాలికి అక్కడే ముందు తుప్పు పట్టి, కన్నం పెద్దదవుతుంది. తుఫాను గాలి కప్పును కిందికి తొక్కడమే కాదు, అంచు దగ్గర పట్టుకుని పైకి లేపుతుంది కూడా. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను మా వైపు పెద్దవాళ్లకి ఇంకా గుర్తే. అంచు వరస బోల్టులు వదులైతే మధ్యలో రేకులు ఎంత కొత్తవైనా లాభం లేదు. పాత సిమెంటు రేకుల మీద నేరుగా అడుగు వేయొద్దు, చెక్క పలక పరిచి నడవాలి. వాటిని కోయడం, పగలగొట్టడం కూడా వద్దు. వాటిలో ఉండే ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకి చేటు. తడిపి, మాస్కు పెట్టుకుని, నిండు రేకుగానే దింపించండి.

శ్లాబు ఇంకో రకం మోసం. ఊడిపోయిన పెచ్చు దగ్గర కొత్త ప్లాస్టరింగు, మీద తెల్ల రంగు కొట్టేస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది. లోపల తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును నెడుతూనే ఉంటుంది. ఉప్పు ఉన్న ఇసుకతో కట్టిన ఇళ్లకి ఈ రోగం తొందరగా వస్తుంది. సీలింగు మీద ఎర్రటి మరకలు, ఊచల వెంట తిన్నగా సాగే పగుళ్లు గుర్తుపట్టండి. కర్రతో తట్టితే బోలుగా మోగేచోట సుద్దతో గీత గీయండి. ఒకటి రెండు చోట్లయితే ఊచ శుభ్రం చేయించి అతుకు వేయించవచ్చు. ఊచే సన్నబడిపోయినా, శ్లాబు కిందికి కుంగినా మేస్త్రి మాట చాలదు, ఇంజినీరును పిలవాలి. ఎవరొచ్చినా ప్లాస్టరింగుకు ముందు ఊచ గీకి చూపించమనండి.

ఇంజినీరు వచ్చేలోగా ఆ శ్లాబు కింది గదిలో మంచం తీసేయండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. అది సరిగ్గా ఆ గది మీదే ఉంటే, ఖాళీ చేసి పక్కకి దింపించండి.