గ్యాస్ లేజర్లు నేర్చుకుందాం - 4: అణువు విరిగితే వచ్చే లేజర్

పోయినసారి హీలియం-నియాన్ చూశాం కదా, అక్కడ రెండూ విడి పరమాణువులే, ఒకటి వెళ్ళి ఇంకోదాన్ని గుద్దితే శక్తి మారిపోయేది, పని సులువు. ఈసారి ఆక్సిజన్. సిలిండర్‌లో వచ్చేది జంట (రెండు పరమాణువులు కలిసిన అణువు), మనకి లేజర్ కావాల్సింది ఒంటి పరమాణువు నుంచి, అంటే జంట విరగాలి, విరిగినదాంట్లో ఒకటి పైమెట్టుకి (ఎక్కువ శక్తి స్థాయికి) ఎక్కాలి కూడా, అక్కణ్ణించి కిందిమెట్టుకి దిగేటప్పుడే లేజర్ కాంతి వస్తుంది.

1962లో బెనెట్, ఫాస్ట్, మెక్‌ఫార్లేన్, పటేల్ ఇది చేసి చూపించారు (బారామతిలో పుట్టిన పటేల్ గారే, తర్వాత కార్బన్ డయాక్సైడ్ లేజర్ చేసింది కూడా ఆయనే). నియాన్‌లో గానీ ఆర్గాన్‌లో గానీ కాస్త ఆక్సిజన్ కలిపి రేడియో ఫ్రీక్వెన్సీ డిశ్చార్జ్ ఇచ్చారు, అంటే రేడియో తరంగాల వేగంతో మారే విద్యుత్తుని వాయువులోంచి పంపారు.

ఇప్పుడు పెన్ను తీయండి, చదివి వదిలేస్తే ఈ లెక్క చేతికి రాదు. జంట విరగడానికి 5.12 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల స్థాయిలో శక్తికి కొలత). పైమెట్టు 10.99 దగ్గర, కిందిమెట్టు 9.52 దగ్గర. ఒకే దెబ్బకి విరగ్గొట్టి పైకి ఎక్కించాలంటే 5.12కి 10.99 కలపండి, 16.11. నియాన్ మెటాస్టేబుల్ (త్వరగా కిందికి దిగని శక్తి మెట్టు మీద ఉన్న పరమాణువు) దగ్గర 16.62 ఉంది, సరిపోతుంది, మిగిలిన అర ఎలక్ట్రాన్ వోల్టు పరమాణువుల పరుగులోకి పోతుంది. ఆర్గాన్ దగ్గర 11.55 మాత్రమే, చాలదు! మరి ఆర్గాన్‌తో కూడా లేజర్ ఎలా వచ్చింది? నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. వాళ్ళు ఇచ్చిన వివరణ ఏంటంటే ఆర్గాన్ జంటని విరగ్గొట్టి ఒక ఆక్సిజన్‌ని మధ్యలో ఉన్న మెటాస్టేబుల్ మెట్టు మీద వదిలేస్తుంది, అక్కణ్ణించి డిశ్చార్జ్‌లో తిరిగే ఎలక్ట్రాన్ వచ్చి గుద్ది పైకి ఎక్కిస్తుంది. రెండు అంచెలు.

తరంగదైర్ఘ్యం: 10.99 లోంచి 9.52 తీస్తే 1.47, 1240ని (ఎలక్ట్రాన్ వోల్టుల్ని నానోమీటర్లలోకి మార్చే సంఖ్య) దాంతో భాగిస్తే 844 దగ్గర వస్తుంది, అసలు కొలత 844.6 నానోమీటర్లు. కిందిమెట్టు మాత్రం 130 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి వదిలి నానోసెకన్లలో ఖాళీ అయిపోతుంది, మనకి కావాల్సింది అదే. కానీ ట్యూబ్‌లో మామూలు ఆక్సిజన్ పరమాణువులు ఎక్కువైతే ఆ కాంతిని అవే మింగి మళ్ళీ కిందిమెట్టుకి వచ్చేస్తాయి, అది నిండిపోతే లేజర్ ఆగుతుంది. ఆక్సిజన్ కాస్తే కలపాలన్నది అందుకే.

వచ్చేసారికి కాపర్ బ్రోమైడ్. విరిగాక వచ్చే రాగికి పైమెట్టు 3.82, కిందిమెట్టు 1.39. తరంగదైర్ఘ్యం, రంగు కట్టుకురండి. ఇంకోటి, అక్కడ కిందిమెట్టు మెటాస్టేబుల్, త్వరగా ఖాళీ అవదు, అలాంటప్పుడు డిశ్చార్జ్ ఆగకుండా ఇవ్వాలా, పల్స్‌లుగా ఇవ్వాలా?